మే నెలలో పన్నెండున్నరకి

పోయిన ఏడాది ఏప్రిల్ 24. బళ్లకి ఎండాకాలం సెలవులు మొదలైన రోజు. నాకు వర్క్ ఫ్రమ్ హోమ్. మధ్యాహ్నం పన్నెండున్నరకి బాల్కనీలో బట్టలు తీస్తూ కిందికి చూస్తే, సెల్లార్ మెట్ల మీద మా వాచ్‌మన్ అన్న కూతురు కూర్చుని ఉంది. ఆరో తరగతి పూర్తయింది. పక్కన తమ్ముడు, మూడో తరగతి. ఇద్దరి మధ్యా ఒక ఫోను, దాంట్లో ఏదో కార్టూన్.

"తిన్నారా?" అని పైనుంచే అరిచాను. ఊరికే, అలవాటు కొద్దీ.

"అమ్మ రెండింటికి వస్తదక్కా. వచ్చినంక" అంది పాప.

తమ్ముడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే అన్నాడు. "బడి ఉంటే ఇప్పుడు గంట గొడ్తుండె."

అంతే. వాడు కంప్లయింట్ చేయలేదు, ఏడవలేదు. టైమ్ చెప్పాడు, అంతే. నేను లోపలికొచ్చి కంచంలో అన్నం పెట్టుకున్నాను గానీ, ఆ గంట నా చెవిలోనే ఉండిపోయింది.

మీకూ నాకూ ఎండాకాలం సెలవులంటే అమ్మమ్మగారి ఊరు, మామిడికాయలు, మంచం మీద బోర్లా పడుకుని చదివిన నవలలు. ఇప్పటి పిల్లలకి అయితే సమ్మర్ క్యాంపులు. ఏప్రిల్ రాగానే మా కాలనీ గేట్లకి పాంప్లెట్లు కట్టేస్తారు. రోబోటిక్స్, స్కేటింగ్, పబ్లిక్ స్పీకింగ్. మా గేటుకి కట్టినదాంట్లో మూడు వారాలకి ఏడువేల అయిదొందలు అని ఉంది. స్నాక్స్ ఎక్స్‌ట్రా అట. ఆ పాంప్లెట్‌ని మా పాప పడవ చేసింది. బాగా చేసింది కూడా.

ఆ రోజు సాయంత్రం ఫోన్ పట్టుకుని కూర్చుని వెతికాను. అసలు బడి భోజనం సెలవుల్లో ఎందుకు ఆగిపోతుంది? బడి లేదు కాబట్టి, అనుకుంటాం కదా. అది కాదండీ, చట్టంలోనే అలా రాసి ఉంది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం, 5వ సెక్షన్: ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి సర్కారు బళ్లలో, ఎయిడెడ్ బళ్లలో ప్రతిరోజూ ఉచితంగా మధ్యాహ్న భోజనం పెట్టాలి, బడి సెలవు రోజులు తప్ప. ఆ 'తప్ప' దగ్గరే మా సెల్లార్ మెట్ల మీది పిల్లలిద్దరూ కూర్చుని ఉన్నారు.

లెక్క కూడా వేశాను. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా 49 రోజులు. ఏడు ఆదివారాలు తీసేస్తే 42 భోజనాలు. రూల్ ప్రకారం అయిదో తరగతి లోపు పిల్లకి పూటకి వంద గ్రాముల బియ్యం, ఆ పైన ఎనిమిదో తరగతి దాకా నూట యాభై. అంటే తమ్ముడికి నాలుగు కిలోల రెండొందల గ్రాములు, అక్కకి ఆరు కిలోల మూడొందలు. బియ్యం సంగతి సరే, ఇప్పుడు రేషన్లో వస్తున్నాయి, ఊళ్లో కార్డు ఉన్నా సిటీలో ఏ షాపులోనైనా తీసుకోవచ్చు. ఈ అన్నకి ఆ సంగతి తెలుసు, తెచ్చుకుంటున్నాడు. పోయేది పప్పు, కూర, గుడ్డు. తెలంగాణలో బడిలో వారానికి మూడు గుడ్లు, ఆంధ్రలో అయిదు. ఏడు వారాలకి ఎన్నో మీరే గుణించుకోండి. ఇంట్లో ఆ గుడ్లు కొనరు. కొంటే తండ్రికీ, కొడుక్కీ వెళ్తాయి. ఇది నా ఊహ కాదు, వాళ్లమ్మే నవ్వుతూ చెప్పింది.

సెలవుల్లో భోజనం పెట్టడం కొత్త ఆలోచనేం కాదు. 2004లోనే సుప్రీంకోర్టు, కరువు ప్రాంతాల్లో ఎండాకాలం సెలవుల్లో కూడా మధ్యాహ్న భోజనం పెట్టాల్సిందేనని చెప్పింది. 2016 మే నెలలో, పెద్ద కరువు వచ్చినప్పుడు మళ్లీ చెప్పింది. ఆ కేసులో ఉన్న రాష్ట్రాల్లో మన రెండూ ఉన్నాయి. 2020లో కరోనాకి బళ్లు మూసేస్తే ఆంధ్రలో బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్లకే చేర్చారు. అంటే చేయడం చేతకాక కాదు. కరువొస్తే చేస్తాం, రోగమొస్తే చేస్తాం. మామూలు ఏప్రిల్ వస్తే మాత్రం గేటుకి తాళం వేసి వెళ్లిపోతాం.

అసలు ఈ బడి భోజనానికి మూలపురుషుల్లో ఒకరు మనవాడే, తెలుసా? 1920లో మద్రాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్‌లోని ఒక బడిలో పిల్లలకి టిఫిన్ మొదలుపెట్టింది. పిల్లకి రోజుకి అణాకి మించకూడదని షరతు. అప్పటి కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. తెలుగువాడు. టీ నగర్‌లో 'టీ' అంటే ఆయనే. షాపింగ్‌కి వెళ్లినప్పుడు గుర్తు చేసుకోండి.

ఇంకో ముక్క చెప్పి మా కథలోకి వచ్చేస్తాను. 2020 జూన్‌లో ఇంగ్లండ్‌లో మార్కస్ రాష్‌ఫర్డ్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు, అప్పటికి వాడికి 22 ఏళ్లు, ఎంపీలకి బహిరంగ లేఖ రాశాడు. ఎండాకాలం సెలవుల్లో పేద పిల్లలకి భోజనం కూపన్లు ఆపొద్దని. తనూ బడి భోజనం తిని పెరిగినవాడే. మర్నాడే ప్రభుత్వం దిగొచ్చింది. 2021 నుంచి అక్కడ దేశమంతా ఒక పథకం నడుస్తోంది. సెలవుల్లో ఆటపాటలు, భోజనం, రెండూ ఒకేచోట. రోజుకి కనీసం నాలుగు గంటలు, వారానికి నాలుగు రోజులు, ఏడాదికి ఆరు వారాలు. నాకు నచ్చింది 'ఒకేచోట' అనే మాట. ఎందుకంటే మన దగ్గర రెండూ ఉన్నాయి. వేరు వేరు చోట్ల, వేరు వేరు టైముల్లో.

ఎలాగంటే, హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ వాళ్లు ప్రతి ఎండాకాలం కోచింగ్ క్యాంపులు పెడతారు. ఆరు నుంచి పదహారేళ్ల వాళ్లకి. ఖోఖో, కబడ్డీ లాంటి వాటికి ఫీజు పది రూపాయలు, క్రికెట్, స్కేటింగ్ లాంటి వాటికి యాభై. నిజంగానే పది రూపాయలు! ఇంత చవకగా సిటీలో చాయ్ కూడా రావట్లేదు. నేను మా పాపని తీసుకెళ్లి ఖోఖోలో చేర్పించాను. పొద్దున్నే ఆరింటికి గ్రౌండు. నాలుగు రోజులు వెళ్లింది. అయిదో రోజు "కడుపుల తిప్పుతుందక్కా" అని కూర్చుండిపోయింది. ఖాళీ కడుపుతో రెండు గంటలు పరిగెత్తి, నడిచి ఇంటికొస్తే, అమ్మ పనికి వెళ్లిపోయి ఉంటుంది. ఎవరిదీ తప్పు కాదు. ఆట ఉన్నచోట అన్నం లేదు.

అన్నం ఉన్నచోట? హైదరాబాద్‌లో అయిదు రూపాయల భోజనం 2014 నుంచి ఉంది. ఆంధ్రలో అన్న క్యాంటీన్లు 2024లో మళ్లీ తెరిచారు, అక్కడా పూటకి అయిదే. నేను తిన్నాను, బాగుంటుంది, సాంబారు మరీ బాగుంటుంది. కానీ అవి ఆస్పత్రుల దగ్గర, బస్టాండ్ల దగ్గర, అడ్డాల దగ్గర ఉంటాయి. ఎనిమిదేళ్ల తమ్ముడిని చెయ్యి పట్టుకుని, మే నెల మిట్ట మధ్యాహ్నం, మెయిన్ రోడ్డు దాటి, మగవాళ్ల లైన్లో నిలబడమని పన్నెండేళ్ల ఆడపిల్లని పంపిస్తామా?

సరే, మా కథ. మేం అయిదుగురం. నేను, నా ఫ్లాట్‌మేట్, మూడో అంతస్తు అక్క, వాళ్లాయన, ఇంకా ఎదురు బిల్డింగ్‌లో బీటెక్ చదివే అబ్బాయి. మే మొదటి వారం నుంచి నాలుగు వారాలు, ఆదివారాలు పోను ఇరవై నాలుగు రోజులు, చుట్టుపక్కల వాచ్‌మన్ల పిల్లలకీ, కట్టే బిల్డింగుల్లో కాపురం ఉన్న కూలీల పిల్లలకీ ఒక చిన్న క్యాంపు పెట్టాలనుకున్నాం. సెల్లార్లో.

అసోసియేషన్ పెద్దాయన ఒప్పుకోలేదు. "రేపు ఆ పిల్లలకి ఏమైనా అయితే ఎవరిది బాధ్యత?" అన్నాడు. ఆ రోజు ఆయన్ని వాట్సాప్‌లో చాలా తిట్టుకున్నాం. తర్వాత ఆలోచిస్తే ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. మా దగ్గర జవాబు లేదు. తల్లిదండ్రుల నంబర్లు లేవు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా లేదు, ఓఆర్ఎస్ ప్యాకెట్ కూడా లేదు. కలర్ పేపర్లు మాత్రం ఆరు రకాలు కొన్నాం. చివరికి 102లో ఉండే రిటైర్డ్ బాబాయిగారు తన హాలు ఇచ్చారు. షరతు: రెండు నుంచి నాలుగు దాకా చప్పుడు వినపడకూడదు.

మొదటి రోజు మా బీటెక్ అబ్బాయి ఉత్సాహంగా పోస్టర్ చేశాడు. 'పిల్లలకు ఉచిత భోజనం, ఆటలు' అని. ఎంతమంది వచ్చారో చెప్పమంటారా? ముగ్గురు. అందులో ఇద్దరు మా బిల్డింగ్ వాళ్లే.

పాప వాళ్లమ్మని అడిగాను. ఆమె కొంచెంసేపు గిన్నె తోముతూ ఉండిపోయి, "ఫ్రీ బువ్వ అంటే ఎవరు పంపుతరమ్మా? మేం అడుక్కునేటోళ్లమా?" అంది. కోపంగా కాదు, నాకు తెలియని సంగతి చెప్పినట్టు. "చదువు చెప్తమనుండ్రి. తినుడు ఆడ్నే అనుండ్రి" అని సలహా కూడా ఇచ్చింది. పోస్టర్ చించేశాం. 'సెలవుల బడి' అన్నాం. రెండో రోజుకి తొమ్మిది మంది, వారం తిరిగేసరికి పదకొండు.

తర్వాత ఇంకో చిక్కు. పదింటికి మొదలుపెడితే ఆడపిల్లలు రావట్లేదు. మాకు అర్థం కాలేదు. ఓరిగామి నచ్చలేదేమో అనుకున్నాం. అసలు సంగతి, పదింటికి ట్యాంకర్ వస్తుంది. పట్టేది వాళ్లే. టైము పదకొండుకి మార్చగానే అందరూ వచ్చారు. బిందెలు మెట్ల కింద పెట్టి, చేతులు తుడుచుకుంటూ.

పదకొండు నుంచి పన్నెండున్నర దాకా ఏదో ఒకటి. ఇక్కడ కూడా మా ప్లాన్లు పనిచేయలేదు, చెప్పొద్దూ. వాళ్లకి కావాల్సింది క్యారమ్స్, కథలు, బొమ్మలు వేయడం, ఇంకా గుణకారాలు. అవును, గుణకారాలు! ఆరో తరగతి పూర్తయిన పాపకి ఏడో ఎక్కం రాదు, ఆ సంగతి మాకన్నా ఆమెకే ఎక్కువ బాధ. ఒడిశా నుంచి వచ్చిన పిల్లాడొకడికి తెలుగు సరిగ్గా రాదు, కానీ అష్టాచెమ్మాలో మమ్మల్ని అందరినీ ఓడించాడు. పన్నెండున్నరకి తమ్ముడు స్టీలు కంచం మీద గరిటెతో గంట కొట్టేవాడు. ఆ డ్యూటీ ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

భోజనం మొదట మేమే చేద్దామనుకున్నాం. ఉప్మా చేశాం. పిల్లలు మర్యాద కోసం తిన్నారు. మూడో రోజు నుంచి పాప వాళ్లమ్మకే ఆ పని అప్పజెప్పాం, డబ్బులు ఇచ్చి. ఆమె రెండు ఇళ్ల పని మానుకుని వచ్చింది. పప్పు, ఏదో ఒక కూర, రోజూ ఒక గుడ్డు. రెండో వారం ఆమె ఒక డబ్బాడు మామిడికాయ తొక్కు పట్టుకొచ్చి, "ఇది నా తరఫున, పైసలు లెక్క రాయకుండ్రి" అంది. రాయలేదు.

మిగతా లెక్క రాస్తాను, మీలో ఎవరైనా చేయాలనుకుంటే పనికొస్తుంది. బియ్యం, పప్పు, కూరగాయలు, నూనె, గ్యాస్ కలిపి 5,900. గుడ్లు 1,650. వంట చేసినందుకు 4,800. క్యారమ్ బోర్డు, రంగులు, పుస్తకాలు, ఆ దిక్కుమాలిన కలర్ పేపర్లు 1,400. మొత్తం 13,750. మనిషికి 2,750 వేసుకున్నాం. పిల్లకి రోజుకి సుమారు యాభై రెండు రూపాయలు. ఆ నెలలో మేం అయిదుగురం ఆన్‌లైన్లో తెప్పించుకున్న బిర్యానీల లెక్క మాత్రం ఇక్కడ రాయను.

ఇంతవరకే అయితే ఇది మంచి రీల్ అయ్యేది. కానీ ఇంకొకటుంది.

పదకొండు మందిలో ఒక పదమూడేళ్ల అబ్బాయి. బొమ్మలు చాలా బాగా వేస్తాడు. మూడో వారం సోమవారం రాలేదు, మంగళవారం రాలేదు. బుధవారం నేను టీ తాగడానికి వెళ్తే, మెయిన్ రోడ్డు టిఫిన్ సెంటర్లో ప్లేట్లు ఎత్తుతూ కనిపించాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. నేనూ తల దించుకున్నాను, ఎందుకో. తర్వాత బయటికి వచ్చి, "ఈడ రెండు పూటలు టిఫిన్ పెడ్తరక్కా. పైసలు గూడ ఇస్తరు. మీ దగ్గర ఒక్క పూటనే గదా" అన్నాడు.

దీనికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. పద్నాలుగేళ్లు నిండని పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం. 1098కి ఫోన్ చేయొచ్చు, చేయాలి అని మనందరికీ తెలుసు. నేను ఆ నంబర్ టైప్ చేసి రెండు రోజులు తిరిగాను. చేస్తే వాళ్ల నాన్న నా మీద కోపంతో మిగతా పిల్లల్ని కూడా ఆపిస్తాడేమో అని భయం. చేయకపోతే నేనేం మనిషిని అని సిగ్గు. చివరికి 102 బాబాయిగారే వెళ్లి ఓనర్‌తో మాట్లాడారు. ఓనర్, "పని కాదు సార్, ఏదో సెలవుల్లో సాయం" అన్నాడట. బాబాయిగారు చట్టం చెప్పారు. ఆ శనివారానికి అబ్బాయి మానేశాడు. మా దగ్గరికి మాత్రం వెంటనే రాలేదు. చివరి నాలుగు రోజులు వచ్చాడు. జూన్ 12న బడికి వెళ్లాడు. ఆదివారాలు ఇంకా అక్కడ కనిపిస్తున్నాడని మా ఫ్లాట్‌మేట్ చెప్పింది. నేను ఫోన్ చేయకపోవడం తప్పో ఒప్పో మీరు కింద రాయండి, చదువుతాను.

ఇది చదివి "మేమూ చేస్తాం" అనేవాళ్లకి, ముందు మీ దగ్గర ఏముందో చూసుకోండి. ఊళ్లలో, టౌన్లలో గ్రంథాలయాలు ఉన్నాయి. ఆంధ్రలో వాటిలో ఎండాకాలం వేసవి విజ్ఞాన శిబిరాలు పెడతారు. కథలు చదివిస్తారు, బొమ్మలు వేయిస్తారు, ఫీజు లేదు. ఫ్యాన్ ఉంటుంది, కూజాలో చల్లటి నీళ్లు ఉంటాయి. మన ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు లైబ్రరీ సెస్సు కింద ఎప్పటినుంచో కడుతూనే ఉన్నాం, కాబట్టి మొహమాటం అక్కర్లేదు. హైదరాబాద్‌లో పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఉంది. పాటలు, డాన్సు, డ్రాయింగ్, నామమాత్రపు ఫీజు. దూరం ఒక్కటే సమస్య, ఎవరో ఒక పెద్దవాళ్లు తోడు వెళ్లిరావాలి. అలాంటి చోట్ల ఆట, పుస్తకం ఉచితంగా వచ్చేస్తాయి. మీరు చూసుకోవాల్సింది ఉడకబెట్టిన గుడ్డు, ఇంత అన్నం. నలుగురు పిల్లలైతే ఒక కుక్కర్ చాలు.

ఇంకా పెద్దది అడగాలనుంటే, మీ ఎమ్మెల్యేకి ఒక మెసేజ్ పెట్టండి. వంట చేసే అక్కలు ఉన్నారు, వాళ్లకి సెలవుల్లో పని ఉండదు. వంటగది ఉంది, తాళం వేసి. గ్రౌండు ఉంది, ఖాళీగా. పాత్రలు బోర్లించి ఉన్నాయి. ఆంధ్రలో ఇప్పుడు బడి భోజనానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. మాది కోనసీమ. ఆవిడ వేళకాని వేళ వచ్చినవాళ్లకి కూడా లేచి వండిపెట్టిందని మా అమ్మమ్మ చెప్పేది. ఆ పేరు బోర్డు మీద ఉన్న వంటగదికి యాభై రోజులు తాళం ఎలా వేస్తారో ఆవిడనే అడగాలి.

మా దగ్గర ఈసారి క్యాంపు మే 1 తర్వాత కాకుండా, సెలవులిచ్చిన మర్నాడే మొదలు. అయిదుగురం ఎనిమిది మంది అయ్యాం. బాబాయిగారు హాలు మళ్లీ ఇస్తున్నారు, షరతు మారలేదు. అసోసియేషన్ పెద్దాయన ఫస్ట్ ఎయిడ్ డబ్బా కొనిచ్చాడు, ఏమీ మాట్లాడకుండా. పొద్దున పూట కూడా ఏదైనా పెట్టగలమా అని లెక్కలు వేస్తున్నాం, రాగి జావ అయితే కుదిరేలా ఉంది. నిన్న లిఫ్ట్ దగ్గర తమ్ముడు కనపడి, "అక్కా, గంట నేనే గొడ్త" అని ముందే చెప్పేశాడు. క్యారమ్ స్ట్రైకర్ మాత్రం పోయినేడాది పోయింది, దొరకలేదు. ఒకటి కొనాలి.